రెండు వేళ్ళ గుడ్డ

ఆ వీధిలో ఆవిడకి రెండు వేళ్ళ టైలరమ్మ అని పేరు. పిల్లలవి ఏ బట్టలు కుట్టినా, లోపలివైపు కుట్టు పక్కన రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ వదిలేది. ఎదిగే పిల్లలు కదా, కుట్టు విప్పుకుంటే ఇంకో రెండేళ్ళు వస్తుందని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. విని విని వాళ్ళకి విసుగొచ్చినా ఆవిడ చెప్పడం మానలేదు.

ఆవిడ కూతురికి పదిహేనేళ్ళు. చిన్నప్పుడు ఇల్లు పీకి పందిరేసేది కాబట్టి తండ్రి గడుగ్గాయి అని పేరు పెట్టాడు. పన్నెండో ఏట రక్తంలో క్యాన్సర్ బయటపడింది. రెండేళ్ళకు పైగా ఆస్పత్రి చుట్టూనే తిరిగారు. ఇక జబ్బు జాడ లేదని డాక్టరు చెప్పి ఆరు నెలలైంది. జుట్టు మళ్ళీ వచ్చింది. నెల నుంచి బడికి కూడా వెళ్తోంది.

ఇంట్లో మాత్రం ఆమెను ఎవరూ పల్లెత్తు మాట అనడం లేదు. మొన్న గ్లాసు పగలగొడితే తండ్రి, పోనీలే తల్లీ అంటూ తనే ముక్కలు ఏరాడు. ఒకప్పుడైతే వీధి చివరికి వినపడేలా అరిచేవాడు. గడుగ్గాయి అని పిలవడం ఎప్పుడో మానేశాడు. వచ్చే ఏడాది ఏం చదవాలని అడిగితే, అవన్నీ తర్వాత చూద్దాం, ముందు అన్నం తినమన్నారు ఇద్దరూ. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. జబ్బు తిరిగొస్తుందేమోనన్న భయం ఆమెకు మాత్రం లేదా? ఆ భయంతోనే అమ్మానాన్నల ముఖాల్లో ధైర్యం వెతుక్కునేది. అక్కడ దొరికేదల్లా చుట్టాలకు చేసే మర్యాద.

ఆదివారం మధ్యాహ్నం స్కూలు చొక్కా వేసి చూసుకుంటే చంకల్లో బిగుసుకుంది. ఒళ్ళొచ్చిందని లోలోపల సంబరపడింది. తల్లి స్నానానికి వెళ్ళింది, తండ్రి మూలన ఇస్త్రీ చేసుకుంటున్నాడు. తనే మిషను ముందు కూర్చుని, కుట్టు విప్పి వదులు చేసుకుందామని బ్లేడు తీసి చొక్కాను తిరగేసింది.

లోపల గుడ్డ లేదు. కుట్టును ఆనుకుని కత్తిరించేసి ఉంది.

పొరపాటేమోనని బీరువా తెరిచి తన బట్టలన్నీ తిరగేసింది. జబ్బుకు ముందు కుట్టినవాటికి రెండు వేళ్ళ గుడ్డ ఉంది. తర్వాత కుట్టినవి, ఈ చొక్కాతో కలిపి నాలుగు. నాలుగింటికీ లేదు. బల్ల మీద పక్కింటి పిల్ల గౌను ఉంటే దాన్నీ తిరగేసింది. దానికి ఉంది.

తల్లి తడిజుట్టుతో వచ్చి, నేల మీద పరిచి ఉన్న బట్టలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"గుడ్డ తక్కువైందా అమ్మా?"

అవునంది తల్లి.

"మిగిలిన ముక్కతో దిండు గలీబు కుట్టావుగా. రోజూ దాని మీదే పడుకుంటున్నాను."

తండ్రి ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి గోడవైపు తిరిగాడు. తల్లి కూతురి పక్కన కూలబడింది.

"జబ్బు బయటపడ్డప్పుడు డాక్టరు నన్ను పక్కకి పిలిచి, బతకడం కష్టమన్నాడే. ఇంటికొచ్చి కత్తెర పట్టుకున్నాను. రెండు వేళ్ళు వదులుదామంటే చెయ్యి రాలేదు. ఎవరి కోసం అనిపించింది."

కన్నతల్లి నోట వినాల్సిన మాట కాదది. అయినా ఇన్నాళ్ళలో ఆ ఇంట్లో ఆమె చెవిన పడ్డ మొదటి నిజం అదే. గడుగ్గాయి చాలాసేపు ఏడ్చింది.

"ఈ చొక్కా కుట్టింది పోయిన నెలే కదమ్మా. అప్పటికి నాకు తగ్గిపోయిందిగా."

తల్లి లేచి, తెల్లగుడ్డ తీసి బల్ల మీద పరిచింది. కూతుర్ని నిలబెట్టి టేపుతో కొలిచి, సుద్దతో గీత గీసింది. గీత పక్కన రెండు వేళ్ళు ఆనించింది. ఆ పక్కన ఇంకో రెండు.

"నాలుగొద్దు. అందరి పిల్లలకీ ఎంతో నాకూ అంతే."

తల్లి రెండు వేళ్ళు తీసేసి కత్తెర అందుకుంది. ఇరవై ఏళ్ళుగా కత్తెర పట్టిన చేతిలోనే గుడ్డ వంకరగా తెగింది. ఒకచోట రెండు వేళ్ళుంటే, ఇంకోచోట ఒక్క వేలే మిగిలింది. ఆవిడ గబగబా ఆ ముక్క పక్కకు తోసి, కొత్తగా మళ్ళీ కత్తిరిస్తానంది.

"వద్దు," అంది గడుగ్గాయి. "ఇదే కుట్టు."