తాపీగా దిద్దిన మూల

"ఏవండీ, టెక్స్చర్ చూడండి" అని భార్య అంటే, మేస్త్రికి "ట్రాక్టర్ చూడండి" అని వినపడింది. పాపం, కళ్ళద్దాలు తుడుచుకుని మరీ వెతికాడు. గోడంత క్యాన్వాసు మీద ఎర్ర చతురస్రం, దాని మీదికి ఒరిగిన నల్ల త్రిభుజం, అంతటా వేలి మందాన గట్లుగట్లుగా ఆయిల్ రంగు.

"పొలం దున్నినట్టే ఉంది గానీ, ట్రాక్టరేదే?"

"ట్రాక్టరు కాదు మహానుభావా, టెక్స్చరు! గరుకుదనం. కంటితో తడమాలి" అందామె. ఇరవయ్యేళ్ళు బడిలో పిల్లలచేత పళ్ళూ పూలూ గీయించిన డ్రాయింగు టీచరు. తన బొమ్మ నలుగురి ముందుకు వెళ్ళడం ఇదే మొదలు. మర్నాడే ప్రదర్శన.

ఆమె స్నానానికి వెళ్ళింది. గదిలో మేస్త్రి, అతని తాపీ మిగిలారు. ముప్పయ్యేళ్ళు గోడలకు ప్లాస్టరింగు చేసిన చెయ్యి. ఎత్తుపల్లాలు కనిపిస్తే ఊరుకోదు. నల్ల త్రిభుజం మూలన రంగుముద్ద ఒకటి మరీ పొడుచుకొచ్చింది. ఒక్కసారి రుద్దుదామనుకున్నాడు. ఒకటి రెండైంది, రెండు పదైంది. తాపీతో, తాపీగా, జానెడు మేర అద్దంలా నున్నగా తేల్చాడు.

ఆమె వచ్చి చూసింది. అరవలేదు. కుర్చీలో కూలబడింది. అరిస్తే బాగుండునని అతనికి పెళ్ళయ్యాక మొదటిసారి అనిపించింది.

"ఆ గట్లు నిలబెట్టడానికి నెల పట్టింది. రేపేం పంపను?"

మేస్త్రి తన చేతి వంక చూసుకున్నాడు. నునుపు తప్ప తెలియని చేతికి గరుకెలా వస్తుంది? అప్పుడు గుర్తొచ్చింది, గోడకు మొదటి పూత వేసి పచ్చిగా ఉండగా తను చేసే పని.

"ఇంకొక్కసారి నమ్ముతావా?"

"చెడ్డానికి ఇంకేం మిగిలింది?" అంటూనే పక్కకు జరిగింది.

తాపీ మొనతో ఏటవాలుగా ఇటు గీశాడు, అటు గీశాడు. నలుపు చీలి, గళ్ళగళ్ళుగా అడుగునున్న ఎరుపు తొంగిచూసింది. ఆమె దగ్గరగా వంగి చూసి, "చివరి గీత ఇంకాస్త లోతుగా" అంది.

ప్రదర్శనలో ఒక విమర్శకుడు ఆ మూల దగ్గరే ఆగిపోయాడు. "ఇవి కటకటాలు. మనిషి తన చుట్టూ తానే కట్టుకున్న చెర!" జనం తలలూపారు. మేస్త్రి ఉండబట్టలేకపోయాడు.

"చెరా కాదు, చెరసాలా కాదు బాబూ. మా ఆవిడ బొమ్మను నేను చెడగొట్టి, మళ్ళీ దిద్దాను. గోడ మొదటి పూత మీద ఇలాగే గీస్తాం. నున్నగా వదిలేస్తే రెండో పూత జారిపోతుంది. గరుకుంటేనే పట్టుకుంటుంది."

అనేశాక భయంభయంగా ఆమె వైపు చూశాడు. ఆమె నవ్వు ఆపుకుంటూ పెన్సిలు తీసి, బొమ్మ కింద తన పేరు పక్కన "మూల: మా మేస్త్రి" అని రాసింది.

"నిజమేనండీ" అంది అందరితో. "మా ఇద్దరి మధ్యా గరుకెక్కువ. అందుకే ఇన్నేళ్ళయినా ఊడిపోలేదు."