పొద్దు కుంకేలోపు

కుర్చీలు మడతపెట్టాలి. మందిరం తాళంచెవి కాపలాదారుకి అప్పగించాలి. ఇస్త్రీ బట్టల మూట డాక్టరమ్మ ఇంట్లో ఇచ్చి రావాలి. పొద్దు కుంకేలోపు అమ్మతో రాజీపడాలి. ఆ ఆదివారం పంతులమ్మకు మిగిలిన పనులివి. చివరిదొక్కటే కొరకరాని కొయ్య.

వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కింది ఆమె ఒక్కతే. ఇస్త్రీపెట్టె తోసి తోసి అమ్మే చదివించింది. ఆ కూతురే ఇవాళ బైబిలు తరగతిలో, సృష్టి జరిగిన ఆరు రోజులు మన గడియారం రోజులే కానక్కర్లేదని అందరి ముందూ చెప్పింది. ముందు వరసలో ఉన్న అమ్మ సంచి సర్దుకుని లేచి వెళ్ళిపోయింది.

అమ్మకు వాక్యమంటే వాక్యమే. కోపం ఉండగా సూర్యుడు అస్తమించకూడదని రాసి ఉంది గనుక, ఎంత పోట్లాడినా చీకటి పడకముందే తానే వచ్చి పలకరిస్తుంది. ఓసారి పాలవాడితో గొడవపడి, సాయంత్రం వాడి వీధిదాకా ఉరికింది. "కోపం నాన్చొద్దని దాని భావం, అంతేనమ్మా" అని కూతురు ఎన్నిసార్లు నవ్విందో! ఇవాళ అమ్మ రాలేదు. గోడమీద నీడ పైకి పాకుతుంటే పంతులమ్మ కాళ్ళు వాటంతటవే పరుగందుకున్నాయి.

సందులో అప్పటికే దీపాలు వెలిగాయి. ఇంట్లో అమ్మ లేదు. పంతులమ్మ మళ్ళీ సందులోకొచ్చి అటూ ఇటూ చూసింది.

"మీ అమ్మ మేడెక్కిందే! ఒక్కో మెట్టునూ తిట్టుకుంటూ ఎక్కింది" అంది ఎదురింటి పిన్ని.

మేడమీద, పిట్టగోడ పక్కన, ఆఖరి నీరెండలో అమ్మ మోకాళ్ళు నిమురుకుంటూ కూర్చుని ఉంది.

"వచ్చావా పంతులమ్మా? రోజూ నేనేగా వచ్చేది! ఇవాళ నువ్వొస్తావేమోనని చూశా. కింద సూర్యుడు మునిగిపోయాడు. పైన ఇంకాస్త మిగిలుంటాడని ఎక్కా."

"ఇది దొంగలెక్క కాదటే అమ్మా?"

"కనబడుతున్నాడా లేదా? ఏ అంతస్తునుంచి చూడాలో వాక్యంలో లేదుగా!"

కూతురికి నవ్వాగలేదు. పక్కనే కూలబడింది. "ముందు నీతో చెప్పాల్సిందమ్మా. అందరిలో తలవంపులు తెచ్చాను."

"తెచ్చావు. ఆరు రోజులంటే ఆరు రోజులే."

"నాకలా అనిపించదే."

"అనిపించకపోతే మానె. రేపు పొద్దున్నే మళ్ళీ పోట్లాడుకుందాం, సాయంత్రం దాకా బోలెడు టైముంటుంది. ముందు నన్ను కిందికి దించు తల్లీ."

ఒకరి భుజం ఒకరు పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగారు. ఇది చదివేవారు వాక్యాన్ని ఎలా చదివేవారైనా సరే, ప్రార్థనలో ఆ తల్లిని ఒక్కసారి తలుచుకోండి. మోకాళ్ళను మరీ మరీ.