వరప్రసాదం ఇంటి వంటావిడ

భర్తను తెనాలిలో రైలెక్కించడానికి నాగమ్మ ఒక అబద్ధం ఆడింది. "మీ ఆవిడ బాపట్లలో ఉందటండి, వెళ్ళి తీసుకొద్దాం" అంది. వరప్రసాదం మారుమాట లేకుండా ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు.

పోయిన వేసవి నుంచి అతని దృష్టిలో నాగమ్మ నాగమ్మ కాదు. అదే ముఖం, అదే చీర, కానీ ఎవరో పరాయి మనిషి వచ్చి తన ఇంట్లో కూర్చుందని అతని అనుమానం. ఆమె ఏడ్చింది, పెళ్ళి ఫోటో చూపించింది, పాస్టరుగారి చేత చెప్పించింది. చెప్పినకొద్దీ అతనికి కోపం పెరిగి, ఆమె చేతి అన్నం ముట్టడం మానేశాడు. చివరికి విసిగిపోయి, "నేను వంటకొచ్చానండి. మీ ఆవిడ రేపల్లె పుట్టింటికెళ్ళింది" అనేసింది. ఆ పూట కడుపునిండా తిన్నాడు. అప్పటినుంచీ ఆమె వంటావిడే. నలభై ఏళ్ళు 'ఏమే' అని పిలిచిన మనిషి ఇప్పుడు 'అమ్మా, మీరు' అంటున్నాడు.

పెద్ద వయసులో కొత్తగా ఇలాంటి అనుమానాలు మొదలైనవాళ్ళ మీద బాపట్ల ఆసుపత్రిలో డాక్టర్లు పరిశోధన చేస్తున్నారు. అక్కడ పనిచేసే క్రిస్టినా అనే అమ్మాయి వరప్రసాదాన్ని తేదీ అడిగింది, వారం అడిగింది, లెక్కలు చేయించింది. ఒకప్పటి బస్సు కండక్టరు ఎక్కడా తడుముకోలేదు. రేపల్లె బస్సు ఆగే ఊళ్ళన్నీ అడక్కుండానే అప్పజెప్పాడు.

తర్వాత క్రిస్టినా నాగమ్మను పక్కగదిలో కూర్చోబెట్టింది.

"జ్ఞాపకం బాగానే ఉంది కదమ్మా. మతిమరుపు జబ్బు కాదుగా?"

"ఇప్పటికి బాగుందాంటీ. కొంతమందికి ముందు అనుమానాలొచ్చి, మతిమరుపు తర్వాతెప్పుడో వస్తోంది. అందరికీ కాదు. ఎవరికొస్తుందో తెలుసుకోడానికే ఏడాదికోసారి రమ్మంటున్నాం. డాక్టరుగారు మందులు కూడా రాస్తారు."

"అంటే ఇది మొదలా?"

"చెప్పలేమాంటీ."

"ఇదే చివర అనుకుంటున్నానమ్మా ఇన్నాళ్ళూ" అంది నాగమ్మ.

బయటికొచ్చేసరికి వరప్రసాదం బెంచీని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. "మా ఆవిడేదమ్మా? ఆవిడ లేందే నేను కదలను." రైలు వేళవుతోంది. బతిమాలింది. వినలేదు. పట్టుకు లేపబోతే గట్టిగా అరిచాడు, వరండాలో జనమంతా తిరిగి చూశారు.

క్రిస్టినా ఆమెను పక్కకు పిలిచింది. "అంకుల్‌తో ఈ మధ్య ఫోన్లో మాట్లాడారా ఆంటీ?"

"పొద్దస్తమానం పక్కనే ఉంటే ఫోనెందుకమ్మా?"

"ముఖం చూసి నమ్మనివాళ్ళు కొందరు గొంతు వింటే నమ్ముతారు. చేసి చూడండి."

నాగమ్మ మెట్ల వెనక్కి వెళ్ళి నంబరు నొక్కింది.

"నేనండి, నాగమ్మని."

"ఏమే, ఎక్కడున్నావే? నీకోసం బాపట్లంతా దేవుళ్ళాడుతున్నా."

నాగమ్మ గోడకు ఆనుకుంది. 

"రేపల్లెలో అన్నయ్య దగ్గరున్నానండి. మీరు వంటావిడతో ఇంటికెళ్ళండి."

"ఆవిడ మంచిదేలే. నీలాగే కూరలో ఉప్పు తక్కువేస్తది. తిన్నావా?"

"తిన్నానండి." పొద్దుటినుంచీ టీ నీళ్ళు తప్ప కడుపులో ఏమీ పడలేదు.

"ఎప్పుడొస్తావే?"

మెట్ల వెనకే ఉన్నానండి, నాలుగడుగులేస్తే మీ ముందుంటాను అనాలనిపించింది. అడుగులు వేస్తే మళ్ళీ పరాయిదే. "వస్తానండి" అని ఫోను పెట్టేసింది.

వెళ్ళేసరికి అతను లేచి నిలబడి ఉన్నాడు. బుద్ధిగా వెంట వచ్చాడు. రైల్లో ఆమెకు కిటికీ పక్క చోటిచ్చి, తను ఇవతల కూర్చున్నాడు.

నిడుబ్రోలు దాటాక నోరు విప్పాడు. "మా ఆవిడ ఫోన్ చేసిందమ్మా. గొంతు బాగా నీరసించింది."

"అలాగాండి."

"నాకు చాకిరీ చేసీ చేసీ అలిసిపోయింది పాపం. ఇప్పుడప్పుడే రమ్మనను. కొన్నాళ్ళు పుట్టింట్లో పడుకోనీ. అందాకా మీరుంటారుగా?"

నాగమ్మ తల కిటికీ చువ్వకు ఆనించి కళ్ళు మూసుకుంది.

"ఉంటానండి" అంది. "రాత్రికేం వండమంటారు?"