నడిమి గట్టు

గిరిజమ్మ ఎండిన టమాట మొక్కలను వేళ్లతో సహా పీకి గోడవారగా పడేస్తోంది. వేళ్లకు పట్టిన ఎర్రమట్టిని మాత్రం మడిలోనే దులుపుతోంది. శివరాత్రి వెళ్లి వారమైంది. ఇప్పుడు తవ్వి, ఎరువు కలిపి, ఒక తడి ఇస్తే ఉగాదికి ముందే గింజలు వేయొచ్చు.

ఇవాళ జహీరాబాద్ మార్కెట్‌కు సెలవు. మిగతా రోజుల్లో ఆమె అక్కడ అల్లం ఏరుతుంది. పుచ్చు తుంచి, మన్ను రాల్చి సంచులకెత్తుతుంది. ఆ ఘాటుకు చేతులు పొద్దస్తమానం మండుతాయి. పెరట్లో పార పట్టిన రోజే వాటికి కాస్త నెమ్మది.

వేపచెట్టు నీడలో, నులకమంచం మీద చెన్నమ్మ పడుకొని చూస్తోంది. చలికాలం నుంచి ఆమెకు ఆయాసం. మళ్లీ దవాఖానకు పోదామంటే వద్దంది.

చెన్నమ్మ నాగప్ప మొదటి భార్య. ఆమెకు పిల్లలు కాలేదని నాగప్ప బీదర్ దిక్కు నుంచి గిరిజమ్మను రెండో పెళ్లి చేసుకొని తెచ్చాడు. గిరిజమ్మకూ కాలేదు. లోపం ఎవరిదో అందరికీ అర్థమైంది గాని, ఆయన ముందు ఎవరూ అనలేదు. ఆయన పోయిననాడు వాడకట్టు ఆడవాళ్లంతా చెన్నమ్మను పట్టుకొని ఏడ్చారు. గిరిజమ్మ వంటింటి గడపలో ఒక్కతే నిలబడిపోయింది. ఆ రాత్రే ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. తర్వాత ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగాయి. పెరటి నడుమ రాళ్ల గట్టు లేచింది.

మొన్న చలికాలంలో చెన్నమ్మ పొయ్యి ఆరిపోయింది. దాని గురించి ఇద్దరూ మాట్లాడుకోలేదు. గిరిజమ్మ రెండు జొన్నరొట్టెలు ఎక్కువ చేస్తోంది, అంతే.

తన సగం తవ్వి, గట్టు దాటి చెన్నమ్మ సగంలో అడుగు పెట్టబోతుంటే మంచం మీది నుంచి గొంతు వినిపించింది.

"గా రాళ్లు గూడ తీసెయ్, గిరిజా."

గిరిజమ్మ పార ఆపింది. "ఎందుకక్కా?"

"నడుమ గట్టుంటే నీళ్లెట్ల పోతయ్? రెండు కాల్వలు తీస్తవా ఏంది?"

గిరిజమ్మ గడ్డపార తెచ్చింది. కొన్ని రాళ్లు చేత్తోనే లేచాయి. కొన్ని మట్టిలో దిగబడిపోయి మొండికేశాయి. వాటి కింద వానపాములు మెలికలు తిరుగుతున్నాయి.

"నీ దిక్కు బీరనే ఎయ్యాల్నా?" అని అడిగింది, చెమట తుడుచుకుంటూ.

"వద్దు. ఆయనకిష్టమని ఏసేదాన్ని. నాకెన్నడు నచ్చలే."

గిరిజమ్మ ఆమె వైపు తిరిగింది. "నాక్కూడ నచ్చదక్కా. ఆయనున్నన్నేండ్లు నీకిష్టమనుకొని తిన్న."

చెన్నమ్మకు నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గేదాకా గిరిజమ్మ మట్టిచేతులతోనే ఆమె వీపు రాసింది. చీరకు ఎర్రగా మరకలయ్యాయి.

"బెండ ఎయ్యి" అంది చెన్నమ్మ, ఊపిరి తీసుకొని. "నువ్వు తింటవు గద."

మధ్యాహ్నం గిరిజమ్మ పక్కింటి రోజా వాళ్ల బర్రెల కొట్టం నుంచి మాగిన ఎరువు తట్టలతో తెచ్చి రెండు సగాలకూ పరిచింది. గడ్డలు చిదిపి, పార వెనకతో చదును చేసి, పెరటి పొడవునా ఒకటే కాలువ తీసింది. ఎండ వాలాక టీ పెట్టి చెన్నమ్మకు సాసర్‌లో పోసిచ్చి, నల్లాకు పైపు తగిలించింది.

నీళ్లు మెల్లగా పాకాయి. గట్టు ఉన్నచోట కాసేపు ఆగి, ఇంకి, మళ్లీ కదిలాయి. గిరిజమ్మ అక్కడ కూర్చొని వేళ్లతో దారి చేసింది.

"అక్కా, ఆ కొసదాక పోయినయ్" అంది వెనక్కి చూడకుండానే.

జవాబు రాలేదు. నిద్రపట్టిందేమో అనుకుంది. చేతులు కడుక్కొని వెళ్లి పిలిచింది, భుజం తట్టింది. తర్వాత ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. చెన్నమ్మ చీర కాళ్ల మీదికి సర్ది, నల్లా కట్టేసి, గోడ దగ్గరికి నడిచింది.

"రోజా, అక్క పోయింది."

చీకటి పడేలోగా వాకిలి నిండింది. పాతిపెట్టడానికి బొంద తవ్వించే మనిషి వచ్చి, పేరు రాసుకుంటూ, "ఆమెకు నువ్వేమైతవమ్మా?" అని అడిగాడు.

సవతి అనే మాట గిరిజమ్మకు నోటిదాకా వచ్చింది.

"చెల్లెను" అంది.

నలుగురు పట్టి చెన్నమ్మను లోపలికి తీసుకుపోయారు. పెరట్లో మంచం కింద సాసర్ అట్లాగే ఉంది. సగం తాగిన టీ మీద సన్నగా మీగడ కట్టింది.