కొట్టు మూసినా పోని వాసన

ఆ ఇంట్లో వాళ్ళకి ముక్కు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ముందుగది బూట్లు బాగుచేసే కొట్టు, వెనక రెండు గదుల్లో కాపురం. అడుగులంటించే గమ్ము వాసన గోడలకీ, దుప్పట్లకీ, ఆఖరికి తినే అన్నానికి కూడా పట్టేసి ఉండేది. చుట్టాలొచ్చి ముక్కు మూసుకుంటే, వీళ్ళు "ఏం వాసన?" అని ఎదురడిగేవాళ్ళు. చేపకి నీళ్ళ వాసన తెలుస్తుందా మరి.

వాళ్ళకి ఒక్కగానొక్క పిల్ల, పదిహేనేళ్ళది. నోరు మూతపడదు గనక వసపిట్ట అని నాయనమ్మ పెట్టిన పేరే నిలిచిపోయింది. అలాంటి పిల్ల కొన్నాళ్ళుగా మాట తగ్గించేసింది. అన్నం కెలికి లేచిపోయేది. కళ్ళు ఎర్రబడేవి, మూతి చుట్టూ పొక్కులు లేచాయి. పిలిస్తే ఒకసారి కసురుకునేది, ఇంకోసారి ఊరికే నవ్వేది. నాయనమ్మ వేడి చేసిందంది. తండ్రేమో బడి ఎగ్గొట్టే వేషాలన్నాడు. తల్లికి మాత్రం మనసులో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది, ఎక్కడుందో తెలిస్తేగా తీయడానికి.

ఇంతలో తండ్రికి హెర్నియా ఆపరేషనైంది. బరువులెత్తొద్దు, వంగి కూర్చోవద్దు అన్నారు. డబ్బాలకి మూతలు బిగించి అలమరలో పెట్టి కొట్టు మూసేశారు. పోగాపోగా ఇల్లంతా తేటపడింది. ఆరిన బట్టల్లో సబ్బు వాసన తెలిసేసరికి తల్లికి నవ్వొచ్చి, ఇవి మన బట్టలేనా అత్తయ్యా అని అడిగింది. ఎవరివో తెచ్చావేమో చూసుకో అంది అత్తగారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆ నవ్వుతోనే, ఉతకడానికని కూతురి స్కూలు చొక్కా అందుకుంది. చేతి అంచు దగ్గర గుప్పుమంది గమ్ము.

కొట్టు మూసి పదిహేను రోజులు కావస్తోంది. ఇంట్లో ఎవరికీ లేని వాసన దీనికెక్కడిది? పరుగున వెళ్ళి అలమరలోంచి డబ్బా ఎత్తింది. నిండుగా ఉండాల్సింది కాస్తా డొల్ల కొబ్బరికాయలా తేలిగ్గా లేచింది. ఎర్ర కళ్ళు, పొక్కులు, పోయిన ఆకలి, ఆ పిచ్చినవ్వు, ఇన్నాళ్ళూ విడివిడిగా చూసినవన్నీ ఒక్కసారే వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. వీళ్ళకైతే దొంగవాసనే ఇంటివాసన అయిపోయింది.

వెనకగది తలుపుకి లోపల గడియ పడి ఉంది. "అమ్మలూ" అని పిలిచింది. ఎంతకో "ఊఁ" అని వచ్చింది, నిద్రలో పలికినట్టు. తలుపు సందులోంచి అదే వాసన.

సంగతి విని తండ్రి పొట్ట పట్టుకుని లేచాడు. తలుపు బద్దలుకొడతాను, కాళ్ళు విరగ్గొడతాను అన్నాడు. మెల్లిగా మాట్లాడరా, పరువు పోతుంది అని నాయనమ్మ అడ్డుపడింది. తల్లి ఇద్దరి మాటా వినలేదు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని తెలిసే, పక్కింట్లో ఉండే ఆస్పత్రి నర్సమ్మ దగ్గరికి పోయి చించుకుంది.

నర్సమ్మ అంబులెన్సుకి ఫోను చేసి, చెప్పులేసుకుంటూనే చెప్పింది. "అరవొద్దు, తలుపు బాదొద్దు, వెంటపడొద్దు. ఈ మత్తులో ఉండగా హడలిపోతే గుండె ఆగిపోవచ్చు. మెల్లిగా మాట్లాడిస్తూ ఉండండి."

మెల్లిగానట! కుట్టుమిషను చప్పుడు మీదుగా మాట్లాడీ మాట్లాడీ ఆ ఇంట్లో అందరివీ మైకు గొంతులే. తల్లి తలుపుకి చెంప ఆనించి, గొంతు నూలుపోగంత సన్నం చేసుకుంది. తండ్రి స్క్రూడ్రైవరు తెచ్చాడు. మడతబందులు బయటివైపే ఉన్నాయి. చప్పుడు కాకుండా మరలు విప్పడం మొదలుపెట్టాడు.

"చిన్నప్పుడు నువ్వు బూట్లన్నీ కలిపేశావే, ఆ బట్టతల మాస్టారు రెండూ ఎడమకాలివే తొడుక్కుపోయాడు. గుర్తుందా?"

"ఊఁ."

"మర్నాడొచ్చి, నా కుడికాలేదయ్యా అని మీ నాన్నతో గొడవ."

ఈసారి ఊఁ రాలేదు.

"అమ్మలూ?"

ఆఖరి మర తుప్పుపట్టి ఉంది, కదలదు. తండ్రి చొక్కా మీద కుట్ల దగ్గర ఎర్రగా తడి కనిపించింది. ఆయన చూసుకోనేలేదు. పళ్ళు బిగబట్టి తిప్పాడు. మర ఊడింది. ఆలుమగలిద్దరూ తలుపుని పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తి పక్కకి ఆనించారు.

పిల్ల మంచానికి జారగిలబడి ఉంది. నర్సమ్మ కిటికీ తెరిచి, పిల్లని ఒక పక్కకి తిప్పి, మెడ మీద వేళ్ళుంచి, నాడి ఉందన్నట్టు తలూపింది. గాలి తగిలాక కళ్ళు తెరిచిన పిల్ల, తండ్రి చేతిలో స్క్రూడ్రైవరు చూసి గోడకి ముడుచుకుపోయింది. ఆయన దాన్ని వెనక్కి తోసేసి, నర్సమ్మ వద్దన్నా వినకుండా నేలమీద కూలబడ్డాడు.

"కొట్టనురా, తిట్టను. కదలకు. ఊపిరి తీసుకో."

"మానేద్దామనే అనుకుంటా నాన్నా" అంది పిల్ల, ముద్ద మాటలతో. "రోజూ అనుకుంటా. అవట్లేదు."

ఆయన కూతురి తల నిమురుతూ ఉండిపోయాడు.

బండొచ్చింది. వీధిలో గుమ్మానికో తలకాయ. స్ట్రెచరు తెచ్చినవాడు, పిల్ల ఏం తీసుకుందని అడిగాడు. నాయనమ్మ అలవాటుగా వేడి, నీరసం అని ఏదో సర్దబోయింది.

"బూట్లకంటించే గమ్ము పీల్చింది" అన్నాడు తండ్రి, వీధంతా వినబడేలా. "మా కొట్టుదే. డబ్బా కూడా ఇస్తాను, డాక్టరుకి చూపించండి."

నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తల్లి అప్పటికే బండెక్కి, కూతురి చెయ్యి పట్టుకుని, మాట ఆపకుండా మాట్లాడుతోంది.