నోరు విప్పిన ఫైలు

మా టీమ్ లీడర్‌ను ఆఫీసులో అందరూ మేధావి అంటారు. ఆయన అది పొగడ్త అనుకుంటాడు. అంతటి మేధావి.

కీళ్లవాతంతో నా వేళ్లు ముడుచుకుపోయి రెండేళ్లయింది. అప్పటినుంచి కోడ్ నోటితోనే రాస్తున్నాను. నేను చెప్తుంటే కంప్యూటర్ టైపు చేస్తుంది. పేర్లు, బ్రాకెట్లు, చుక్కలు, అన్నీ పైకి చెప్పాల్సిందే. నా గొంతు వల్ల తన ఏకాగ్రత చెడుతోందని మేధావి నన్ను విరిగిన కుర్చీలు పడేసే గదిలో కూర్చోబెట్టాడు. ఆ ఏకాగ్రత ఎంతటిదో నాకు తెలుసు. మధ్యాహ్నం రెండింటికి గురక ఆ గదిదాకా వినిపిస్తుంది.

అది చాలక, నా కోడ్ ఇంట్లో మా అక్క రాసిపెడుతోందని డైరెక్టరు చెవిలో ఊదాడు. పొద్దున్నే నాకు జడ వేసి, తలకు మైకు తగిలించి పంపే మా అక్కకు టీవీ రిమోటే కొరుకుడుపడదు. అయినా డైరెక్టరు నమ్మాడు. అందరిముందూ రాసి చూపించాలి, లేకపోతే ఈ నెలాఖరుతో నా ఉద్యోగం ఆఖరు.

పరీక్షకు ఫైలు మేధావే ఎంచాడు. పదేళ్ల కిందట తాను రాసిన, సెలవులు లెక్కగట్టే ప్రోగ్రాం. కొందరి సెలవులు సున్నాకంటే కిందికి పోతాయి, ఎందుకో ఎవరికీ అంతుచిక్కలేదు. తన చెత్త తనకే అర్థం కాదు కాబట్టి నాకూ కాదని ఆయన ధీమా.

మీటింగ్ రూములో ఇరవైమంది చేరారు. ముందు కూర్చున్న డైరెక్టరు నున్నటి తలమీద లైటు మెరుస్తోంది. పది నిమిషాల్లో నాకు తప్పు దొరికింది. దానితోపాటు ఇంకొకటీ దొరికింది. డైరెక్టరు మంజూరు చేసే సెలవుల సంఖ్యకు మేధావి ఆ రోజుల్లో ఒక పేరు పెట్టి, మరిచిపోయాడు. చేతులతో టైపు చేసేవాళ్లు ఇన్నేళ్లూ దాన్ని చూసి, లోలోపల నవ్వుకుని, కాపీ చేసుకుంటూ పోయారు.

నా కంప్యూటర్ తెరకేసి చూసిన మేధావి ముఖం పాలిపోయింది. నా పక్కకొచ్చి గుసగుసలాడాడు.

"అమ్మా, ఆ లైను వదిలెయ్. పాసయ్యావని నేను చెప్తాగా."

రెండేళ్లలో అమ్మా అనడం ఇదే మొదలు. నాకు ఒళ్లు మండింది. పేరు పలక్కుండా, లైను నంబరు చెప్పి కాపీ చేయించే దారి ఉంది. ఆ దయ చూపించబుద్ధి కాలేదు.

గొంతు సవరించుకున్నాను.

"బట్టతల పీనాసి సున్నా కంటే తక్కువైతే, బట్టతల పీనాసి సమానం సున్నా."

డైరెక్టరు చెయ్యి తనంతట తానే తలమీదికి పోయింది.

"ఏంటమ్మా అది?"

"వేరియబుల్ పేరు సార్. ఫైల్లో పదిహేడు చోట్ల ఉంది. రాసినవారి పేరు పైనే ఉంది."

ప్రోగ్రాం నడిచింది. తప్పు పోయింది. డైరెక్టరు ఫైలు పైభాగం నిదానంగా చదివాడు.

"రేపట్నుంచి మీరు హాల్లోనే కూర్చోండి," అన్నాడు నాతో. తర్వాత మేధావి వైపు తిరిగాడు. "ఆ కుర్చీల గది ఖాళీ అవుతుందిగా."

అందరూ లేచాక మేధావి పళ్లు నూరాడు. "చప్పుడు కాకుండా మార్చొచ్చుగా?"

"చేతులుంటే అలాగే మార్చేదాన్ని సార్," అన్నాను. "నాకున్నది నోరొక్కటే."