రాజీనామాకు కారణం

లేత్ మీద ఇరుసు సగం కోత పడి ఉండగా ఫోర్‌మన్ వచ్చి మిషన్ ఆపమని సైగ చేశాడు. చొక్కాల ఫ్యాక్టరీ నుంచి ఫోనొచ్చిందట. ఇంటావిడకి ఒంట్లో బాగాలేదు, కంగారు పడాల్సిందేమీ లేదు, కానీ వచ్చి తీసుకెళ్ళమన్నారు.

ఏమైందని అతను అడగలేదు. మిషన్ ఆపి, చేతులకంటిన నూనె గుడ్డతో తుడుచుకున్నాడు. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు. తొమ్మిదో వారం నడుస్తోందని అతనికి తెలుసు. ఇది నాలుగోసారి.

ఆ ఫ్యాక్టరీలో జబ్బు గది అంటే గోదాముకి ఆనుకుని ఉన్న చిన్న కొట్టు. ఒక మంచం, ఒక కుర్చీ, గోడకి మందుల పెట్టె. మంచం మీద తెల్ల దుప్పటి పాడవుతుందని అతని భార్య కుర్చీలో కూర్చుని ఉంది. తోటి పనివాళ్ళెవరో ఇచ్చిన స్వెటర్ నడుముకి చుట్టుకుంది. భర్తని చూసి లేవబోయింది.

"నిన్న కట్ట ఎత్తానండీ," అంది, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు. "కాలర్ల కట్ట. చిన్నదే. ఎత్తకూడదని తెలిసీ ఎత్తాను."

ఇంటికి వెళ్ళే దారంతా ఆమె ఇంకా ఇంకా ఒప్పుకుంటూనే ఉంది. మెట్లు రెండుసార్లు ఎక్కింది. మంగళవారం బస్సులో సీటు దొరక్క నిలబడింది. సోమవారం గుండీల సెక్షన్ అమ్మాయి ఏదో జోకు చెబితే కడుపు పట్టుకుని నవ్వింది. అంతగా నవ్వకుండా ఉండాల్సిందేమో. ప్రతి నేరాన్నీ వెతికి పట్టుకుని అతని ముందు పెడుతోంది. అతను బండి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

నువ్వు చేసిందేమీ లేదు అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాటకి రుజువు కూడా అతని దగ్గరుంది. వర్క్‌షాపులో తన బీరువా అరలో, పని బట్టల కింద, నాలుగు మడతలు పెట్టిన కాగితం. అది అక్కడ చేరి ఐదు నెలలైంది.

*

ఆమెని ఫ్యాక్టరీలో కాలరమ్మ అంటారు. చొక్కాలో కష్టమైన పని కాలరేనట. మూల కాస్త మొద్దుబారినా చొక్కా వేసుకున్నవాడి మొహమే మొద్దుగా కనబడుతుందని ఆమె చెప్పేది. రోజుకి నాలుగు వందల ముప్పై కాలర్లు కుట్టేది. "ఈ ఊళ్ళో మగవాళ్ళందరి మెడలూ నా చేతిలోనే ఉన్నాయి, జాగ్రత్త," అని పెళ్ళైన కొత్తలో అతన్ని ఆట పట్టించేది. ఆరేళ్ళలో ఆ హాస్యం తగ్గుతూ తగ్గుతూ వచ్చింది. మొదటి కడుపు ఎనిమిదో వారంలో పోయింది. రెండోది ఏడో వారంలో. మూడోది తొమ్మిదో వారం దాకా ఆగితే, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుందామనుకునేలోపే అదీ పోయింది.

అప్పుడే పెద్ద డాక్టరమ్మ ఇద్దర్నీ రక్తపరీక్ష చేయించుకోమంది. దానికి అతని పన్నెండు రోజుల జీతం అయింది. ముందు ఆమె రిపోర్టు వచ్చింది, ఏ దోషమూ లేదని. ఆ రోజు ఆమె సంతోషించలేదు. దోషమేదైనా ఉంటే మందన్నా ఉండేది కదా అని దిగులుపడింది.

వారం తర్వాత అతని రిపోర్టు వచ్చింది. ఆమెకి డ్యూటీ ఉందని అతనొక్కడే వెళ్ళాడు. డాక్టరమ్మ కాగితం బల్ల మీద పెట్టి నిదానంగా చెప్పింది. మనిషిని తయారుచేసే వివరమంతా పుస్తకాల్లో రాసి ఉందనుకోమంది. అతని పుస్తకాల్లో రెంటికి బైండింగులో కొన్ని పేజీలు ఒకదానివి ఒకదాంట్లోకి మారిపోయాయి. రెండూ అతని దగ్గరే ఉన్నాయి కాబట్టి పేజీలేవీ తగ్గలేదు. అతను శుభ్రంగా ఉన్నాడు. బిడ్డకి పంచేటప్పుడు మాత్రం ఒక్కోసారి పేజీలు తక్కువపడతాయి, ఒక్కోసారి ఎక్కువవుతాయి. అలాంటి పిండం నిలవదు. అందులో ఎవరి తప్పూ లేదు, బరువులెత్తడానికీ దీనికీ సంబంధం లేదు. ప్రతిసారీ పోవాలని కూడా లేదు, నిలిచేవీ ఉంటాయి. "ఈసారి ఆవిణ్ణి కూడా తీసుకురండి," అంది చివర్లో. "ఇంకోసారి ప్రయత్నించాలా వద్దా అన్నది ఇద్దరికీ తెలిసి, ఇద్దరూ అనుకోవాల్సిన మాట."

ఇంటికొచ్చేసరికి అతని తల్లి గుమ్మంలోనే ఉంది. అక్క కూడా చూడటానికి వచ్చింది. భార్య మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి అతని మొహంలోకి చూసింది. ముగ్గురు ఆడవాళ్ళు, ఆరు కళ్ళు. అతను ఆ వర్క్‌షాపులో పద్దెనిమిదేళ్ళుగా పని చేస్తున్నాడు. అతను తీసిన ఇరుసు వెంట్రుకవాసి తేడాతో కూడా వెనక్కి రాలేదని ఫోర్‌మన్ కొత్తవాళ్ళకి చెబుతుంటాడు.

"అన్నీ బాగానే ఉన్నాయట," అన్నాడు.

రేపు చెప్పొచ్చనుకున్నాడు. మర్నాడు నోరు రాలేదు. ఆ పైన ఆదివారం అనుకున్నాడు. ఆదివారాలు కూడా వచ్చి పోయాయి. అబద్ధం పచ్చిగా ఉన్నప్పుడు విరిచేయడం తేలిక. ఎండిందంటే దూలమైపోతుంది, ఇల్లంతా దాని మీద నిలబడుతుంది. ఆ ఇంట్లో అదే జరిగింది. మగవాడిలో లోపం లేదు, ఆడదానిలో లోపం లేదు. ఇక మిగిలింది ఆడదాని నడవడికే. ఆమె ఎలా కూర్చుంటోంది, ఎలా పడుకుంటోంది, ఏం ఎత్తుతోంది అన్నదే ఇంట్లో అందరి విచారణ.

ఇందులో అతని తల్లిని గయ్యాళి అనడానికి వీల్లేదు. కోడలు నెల తప్పితే చాలు, చీపురు తాకనిచ్చేది కాదు. బట్టలు తనే ఉతికేది, నీళ్ళు తనే తోడేది. "నేను బిందెలు మోసి ముగ్గుర్ని పోగొట్టుకున్నదాన్ని, అమ్మాయ్," అనేది. "మా అత్త చెబుతూనే ఉండేది, నేనే వినలేదు. ఆ పొరపాటు నువ్వు చేయకు." అతను పుట్టకముందు సంగతి అది. ఆ మాట వచ్చిన ప్రతిసారీ అతను ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్ళిపోయేవాడు. ఆ పేజీలు తనకి తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి ఉండొచ్చని కూడా డాక్టరమ్మ చెప్పింది.

మూడు నెలల తర్వాత భార్య మళ్ళీ నెల తప్పింది. ఆ కబురు చెబుతూ ఆమె అతని భుజం మీద తల పెట్టుకుంది, ఈసారి చాలా జాగ్రత్తగా ఉంటానంది. అతను ఆమె తల నిమిరాడు. చెప్పాల్సిన రోజులన్నీ దాటిపోయాయని, ఇప్పుడు చెబితే ఆమెని ఊరికే భయపెట్టడమేనని మనసుకి నచ్చజెప్పుకున్నాడు. నిలిచేవీ ఉంటాయి కదా. నిలిస్తే ఆ కాగితాన్ని చింపి పారేయొచ్చు.

*

నాలుగోది పోయిన వారానికి తల్లి తేల్చేసింది, ఫ్యాక్టరీ మానేయాలని. కోడలు ఎదురు చెప్పలేదు. తొమ్మిదేళ్ళ ఉద్యోగం మానడానికి అరగంట కూర్చుని గుండ్రటి అక్షరాలతో కాగితం రాసింది. వర్క్‌షాపుకి వెళ్ళే దారిలో ఇచ్చేయమని భర్త చేతిలో పెట్టింది. తను వెళ్తే ఏడుపొస్తుందంది.

ఫ్యాక్టరీ సూపర్‌వైజరమ్మ ఏభై దాటిన మనిషి. కళ్ళజోడు సవరించుకుని, నిలబడే చదివింది. చదివి అతని వైపు చూసింది.

"నా అజాగ్రత్త వల్ల నాలుగుసార్లు గర్భం పోగొట్టుకున్నందున, అని రాసింది. ఇది మీరు చదివారా?"

చదవలేదన్నాడు.

"అజాగ్రత్తని ఎవరన్నారు? డాక్టరా?"

అతను తలొంచుకున్నాడు. కాదన్నాడు.

సూపర్‌వైజరమ్మ గొంతు పెంచలేదు. తను ఇద్దరు బిడ్డల్ని కడుపులో పెట్టుకుని తొమ్మిదో నెల దాకా ఇదే మిషన్ తొక్కానని, కాలు కింద పెట్టకుండా ఇంట్లో పడుకున్న తన చెల్లెలికి ఒక్కటీ నిలవలేదని చెప్పింది. పని మానుకునే హక్కు మీ ఆవిడకి ఉంది, నేను కాదనను అంది. కాగితం మడిచి తిరిగి అతని చేతిలోనే పెట్టింది.

"దీని మీద నేను సంతకం పెట్టను. ఒకమ్మాయి చేయని తప్పు ఒప్పుకుంటూ రాసిన కాగితం నా ఫైల్లో ఉండటానికి వీల్లేదు. మానేస్తే మానేయమనండి. కారణం మాత్రం మార్చి రాయమనండి."

ఆ రోజు అతని చేతిలో రెండు ఇరుసులు పాడయ్యాయి. ఫోర్‌మన్ తిట్టలేదు, ఇంట్లో పరిస్థితి తెలుసు కాబట్టి. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అతనికి. సాయంత్రం బీరువా అరలోంచి ఆ నాలుగు మడతల కాగితం తీసి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు సెలవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక భార్య తెల్లకాగితం, పెన్నూ తీసుకుని బల్ల దగ్గర కూర్చుంది. తల్లి గుమ్మం పక్కన బట్టలు మడత పెడుతోంది.

"ఏం కారణం రాయమంటారండీ?" అని అడిగింది భార్య. "సొంత పనుల వల్ల అని రాసేదా?"

అతను జేబులోంచి రిపోర్టు తీసి ఆ తెల్లకాగితం మీద పెట్టాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. పుస్తకాలు, పేజీలు, బైండింగు, డాక్టరమ్మ అన్న ప్రతి మాటా చెప్పాడు. ఆ రోజు అబద్ధమాడానని కూడా చెప్పాడు. మధ్యలో ఎవరూ అడ్డురాలేదు.

ఆమె కాగితంలోని అక్షరాలేవీ చదవలేదు. పైన ఉన్న తేదీ మాత్రం చూసింది. వేళ్ళు మడిచి నెలలు లెక్క పెట్టుకుంది.

"అయితే ఈ నాలుగోది," అంది నెమ్మదిగా, "నీకు తెలిశాకే."

పెళ్ళైన ఆరేళ్ళలో అతన్ని ఆమె నువ్వు అనడం అదే మొదలు. అలా అన్నానని ఆమెకి తెలిసినట్టు కూడా లేదు.

"నేను నవ్వానని ఏడ్చాను," అంది. "నవ్వినందుకు. నువ్వు పక్కనే కూర్చుని విన్నావు."

అతను కుర్చీలోంచి జారి నేల మీద కూర్చున్నాడు. క్షమించమన్నాడు. భయమేసిందన్నాడు. తను ఎంత నీచుడో తనకి తెలుసన్నాడు, మళ్ళీ మళ్ళీ అదే అన్నాడు. అలవాటుగా ఆమె చెయ్యి అతని తల దాకా వచ్చి, అక్కడే ఆగి, వెనక్కి వెళ్ళిపోయింది.

"ఇప్పుడు నిన్ను ఓదార్చడం నా వల్ల కాదు," అంది. "నాకు అంత ఓపిక లేదు."

గుమ్మం దగ్గర తల్లి మడత పెట్టిన తువ్వాలునే విప్పి మళ్ళీ మడత పెడుతోంది. అలా మడుస్తూనే అడిగింది.

"అయితే నా ముగ్గురూ... బిందెల వల్ల కాదంటావా, నాయనా?"

కాదమ్మా అన్నాడు. నీ నుంచో నాన్న నుంచో నాకు వచ్చి ఉంటుంది, ఎవరి నుంచో ఇప్పుడు చెప్పలేరు, కానీ బిందెల వల్ల మాత్రం కాదన్నాడు. ఆ ముసలావిడకి దుఃఖం రాలేదు, సంతోషమూ రాలేదు. నలభై రెండేళ్ళు, అంది. లేచి వచ్చి కోడలి పక్కన నిలబడింది. తన నోటితో తను ఆ పిల్లని ఏమేమి అన్నదో ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టు ఆమె మొహం చిన్నబోయింది. కోడలు జరిగి, బల్ల దగ్గర కాస్త చోటిచ్చింది. దగ్గరికి మాత్రం తీసుకోలేదు.

రేపు డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నానంది కోడలు. అతను తనూ వస్తానని లేవబోయాడు.

"వద్దు. ఆ రోజు నువ్వు ఒక్కడివే విన్నావు. ఈసారి నేను వింటాను. పిల్లలు కావాలో వద్దో, కావాలంటే ఎలాగో, ఆవిడ చెప్పిందంతా విని నేను ఆలోచించుకుంటాను. నీకేం చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో అదీ నేనే అనుకుంటాను."

అత్తగారు అడిగింది, "నేను రావచ్చా, అమ్మాయ్? నా సంగతి కూడా ఒకసారి ఆవిడ నోటితో వినాలనుంది." కోడలు ఒక క్షణం ఆలోచించి సరేనంది.

*

రావద్దన్నా అతను వెళ్ళాడు. వర్క్‌షాపుకి సెలవు చెప్పి, వాళ్ళు ఎక్కిన బస్సు తర్వాతి బస్సెక్కి ఆస్పత్రికి చేరుకున్నాడు. వరండా చివర బెంచీ మీద కూర్చున్నాడు. వాళ్ళిద్దరూ అప్పటికే లోపలికి వెళ్ళారు. తలుపు వేసి ఉంది. డాక్టరమ్మ గొంతు సన్నగా వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు. మధ్యలో భార్య గొంతు ఏదో ప్రశ్న అడిగింది. మళ్ళీ డాక్టరమ్మ. మళ్ళీ ఆమె ఇంకో ప్రశ్న. అన్ని ప్రశ్నలు తను ఆ రోజు అడగలేదు. ఒక్కటి కూడా అడగలేదు. కాగితం మడత పెట్టుకుని వచ్చేశాడు.

గంట దాటింది. చుట్టూ జంటలు వస్తున్నాయి, పేరు పిలిస్తే లోపలికి వెళ్తున్నాయి. చీటీలు చూసే నర్సు రెండుసార్లు అతన్ని దాటుకుంటూ వెళ్ళి, మూడోసారి ఆగింది. చేతిలో చీటీ లేకుండా అంతసేపు కూర్చున్న మనిషి అతనొక్కడే.

"మీరెవరి తాలూకండీ?" అని అడిగింది.

అతను మూసిన తలుపు వైపు చూశాడు.

"లోపలున్నవాళ్ళు చెప్పాలండీ," అన్నాడు.

నర్సు అతన్ని ఎగాదిగా చూసి, తర్వాతి చీటీ పిలిచింది.